ముగ్గు లేని వాకిలి: ఒక చిన్న వీడియో గేమ్ కేస్ స్టడీ

మా గేమ్ టెస్టింగ్‌కి వచ్చినవాళ్ళలో మొదటి అబ్బాయి ఫోన్ స్క్రీన్‌ని చొక్కాకి తుడుచుకున్నాడు. తర్వాత కూర్చున్న అమ్మాయి వేలు ఒకసారి చూసుకుని, ఫోన్ కవర్ తీసేసి మళ్ళీ ప్రయత్నించింది. మూడో అతను మొహమాటం లేకుండా "అన్నా, నీ ఫోన్‌లో టచ్ పోయినట్టుంది" అన్నాడు.

ఆ వారమంతా నేను మురిసిపోయిన సీన్ అది. వయసు మీదపడిన ఒక అమ్మమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు ఆడేవాళ్ళ వేలికే తెలియాలని, తెర మీద పడే గీతని మేమే వణికించాం. అమ్మమ్మ ఎవరికీ కనపడలేదు. అందరికీ పాడైపోయిన ఫోనే కనపడింది.

మూడు నెలల్లో అయిపోతుందనుకున్న గేమ్‌కి పదకొండు నెలలు పట్టింది. అందులో ఏం పెట్టాం, ఏం పీకేశాం, ఎందుకు పీకేశాం అన్నదే ఈ రాత. గేములు చేసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. గేమ్ అంటే పిల్లల కాలక్షేపం అనుకునేవాళ్ళు చదివినా నష్టం లేదు.

నా గురించి రెండు ముక్కలు. నేను హైదరాబాద్‌లో ఒక మొబైల్ గేమ్ కంపెనీలో లెవెల్ డిజైనర్‌ని. ఒకే రంగువి మూడు కలిపితే పేలిపోయే రకం గేములు. నలభయ్యో లెవెల్ దగ్గర ఎంతమంది విసుగొచ్చి మానేస్తున్నారు, ఎక్కడ ఒక లైఫ్ అమ్మొచ్చు అన్నది నా రోజువారీ లెక్క. ఆ పనంటే నాకు చిన్నచూపేమీ లేదు, ఇంటి అద్దె అదే కడుతుంది. ఈ గేమ్ మాత్రం శని, ఆదివారాల్లో ముగ్గురం కలిసి చేసింది. విశాఖలో ఉండే ఒక స్నేహితుడు కోడ్ రాశాడు. మా పిన్ని కూతురు శబ్దాలు చూసుకుంది. బొమ్మలూ డిజైనూ నావి.

ముగ్గే ఎందుకు

మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లె. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేది. మధ్యాహ్నానికల్లా సైకిళ్ళూ కోళ్ళూ మేమూ కలిసి దాన్ని తొక్కి చెరిపేసేవాళ్ళం. మర్నాడు మళ్ళీ వేసేది. నేర్పమని ఒకసారి అడిగితే, మగపిల్లాడివి నీకెందుకురా అని నవ్వి, నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పిండి పెట్టింది. "పిండి పొయ్యకూడదు, జారనివ్వాలి" అంది. నా గీత తోకచుక్కలా వచ్చింది.

పల్లెలో వాకిలి ఒక నోటీసు బోర్డు లాంటిది. ధనుర్మాసం నెల రోజులూ పెద్ద ముగ్గులు. సంక్రాంతికి మధ్యలో గొబ్బెమ్మలు. పండగ వెళ్ళేటప్పుడు రథం ముగ్గు వేసి, ఆ రథం తాడుని పక్కింటి ముగ్గు దాకా లాగి కలుపుతారు. ఇంట్లో ఎవరైనా పోతే ముగ్గు పడదు. పొద్దెక్కినా ముగ్గు లేని వాకిలి కనపడితే దారిన పోయేవాళ్ళు ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. అమ్మమ్మ పోయిన రోజు నేను బస్సు దిగి సందు మలుపు తిరిగేసరికి మొదట కనపడింది ఆ ఖాళీ వాకిలే. మనుషుల్ని తర్వాత చూశాను.

దీన్ని కథగా రాయొచ్చు, షార్ట్ ఫిల్మ్ తియ్యొచ్చు. సినిమాలో ఖాళీ వాకిలి చూపించగలం, పక్కన వీణ కూడా వినిపించగలం. కానీ అంతకు ముందు ఆ వాకిట్లో ముగ్గులు వేసిన చెయ్యి చూసేవాడిది కాదు. గేమ్‌లో అది ఆడేవాడి చెయ్యే. పది పొద్దులు వాడి చేతే ముగ్గు వేయించి, పదకొండో పొద్దున వెయ్యనివ్వకపోతే ఎలా ఉంటుంది? గేమ్ మొత్తం ఈ ఒక్క ప్రశ్నే. మిగతాదంతా ఆ పది పొద్దులు ఎలా గడపాలన్న తంటా.

ఇలాంటిది చెయ్యొచ్చన్న ధైర్యం నాకు జేసన్ రోరర్ 2007లో చేసిన 'ప్యాసేజ్' వల్ల వచ్చింది. ఐదు నిమిషాల గేమ్. బొమ్మంతా 100 పిక్సెళ్ళ వెడల్పు, 16 పిక్సెళ్ళ ఎత్తు ఉన్న సన్నటి పట్టీ. ఎడమ నుంచి కుడికి నడుస్తూ పోతుంటే మనిషికి వయసు పెరుగుతుంది, చివరికి చనిపోతాడు. దారిలో ఒకమ్మాయి ఎదురవుతుంది. ఆమెని తోడు తీసుకుంటే ఇద్దరూ కలిసి నడుస్తారు కాబట్టి, ఒంటరి మనిషి దూరగలిగే ఇరుకు సందుల్లోకి ఇక వెళ్ళలేరు. ఆ సందుల్లో పెట్టెలుంటాయి, వాటిలో కొన్నింట్లో నిధి ఉంటుంది. పెళ్ళి గురించి ఆ గేమ్‌లో ఒక్క మాట లేదు. ఇద్దరూ సందులో పట్టకపోవడమే ఆ మాట.

మా వృత్తిలో దీన్ని మెకానిక్ అంటారు. నేను టీమ్‌లో 'క్రియ' అని వాడతాను. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. గేమ్ తయారీలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. ఆడేవాడు ఏం చేస్తాడు? నడుస్తాడా, కాలుస్తాడా, ముగ్గు వేస్తాడా? కథ, బొమ్మలు, సంగీతం ఎంత బాగున్నా క్రియ చెప్పేది ఒకటీ అవి చెప్పేది ఇంకోటీ అయితే, జనం నమ్మేది క్రియనే. ఈ ముక్క నాకు ముందే తెలుసనుకున్నాను. మొదటి బిల్డ్, అంటే ఆడి చూడగలిగే తొలి రూపం, చూశాక తెలియదని తేలింది.

మూడు నక్షత్రాలు

అలవాటు అంత తొందరగా వదలదు. మొదటి బిల్డ్‌లో ప్రతి ముగ్గుకీ మూడు నక్షత్రాలు పెట్టాను. గీత చక్కగా వస్తే ఒకటి, టైమ్‌లోపు పూర్తయితే ఒకటి, చెరపకుండా వేస్తే ఒకటి. పైన టైమర్. కింద, వేసిన గీతని వెనక్కి తీసుకునే అన్‌డూ బటన్.

ఆడినవాళ్ళంతా చాలా బాగుందన్నారు. తర్వాత అడిగిన ప్రశ్నలు చూడండి: మొత్తం ఎన్ని లెవెల్స్? మూడో స్టార్ ఎలా వస్తుంది? పదకొండో పొద్దు దాకా వెళ్ళిన ఒకే ఒక్కతను, ముగ్గు వెయ్యలేకపోయాక, ఈ లెవెల్‌కి స్టార్స్ ఎన్ని అని అడిగాడు. అమ్మమ్మ చావుకి మేం స్కోర్ బోర్డు తగిలించాం.

రోజర్ ఈబర్ట్ అనే అమెరికన్ సినిమా విమర్శకుడు 2010 ఏప్రిల్‌లో వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవని రాశాడు. గేమ్‌ని గెలవొచ్చు, దానికి నియమాలు, పాయింట్లు, లక్ష్యం ఉంటాయి, కళని మాత్రం గెలవం, అనుభవిస్తాం అన్నది ఆయన వాదనలో ముఖ్యమైన ముక్క. గేమర్లు విరుచుకుపడ్డారు. తాను అనుభవించని దాని గురించి అలా మాట్లాడి ఉండాల్సింది కాదని జులైలో ఆయనే ఒప్పుకున్నాడు. 2011 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు, పుస్తకాలకీ నాటకాలకీ సినిమాలకీ ఉన్న భావ ప్రకటన రక్షణ గేములకీ ఉందని 7-2 తీర్పు ఇచ్చింది. 2012 నవంబర్‌లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ తన సేకరణలో 14 గేములు చేర్చుకుంది. ప్యాక్-మ్యాన్, టెట్రిస్‌ల పక్కన 'ప్యాసేజ్' కూడా ఉంది. అక్కడికి ఈబర్ట్ ఓడిపోయాడని మా వాళ్ళు చెప్పుకుంటారు. కానీ నక్షత్రాలు ఉన్నంతకాలం మా గేమ్ విషయంలో ఆయన అన్నదే నిజం. జనం ముగ్గు వెయ్యలేదు, ముగ్గుని గెలిచారు.

ఒక పక్క మాట. మన పాతవాళ్ళకి ఈ పేచీ ఉన్నట్టు లేదు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల జాబితాలో 'తండుల కుసుమ బలి వికారాలు' ఒకటి. బియ్యంతో, పూలతో నేల మీద తీర్చేవి. అదే జాబితాలో పాచికలాట ఉంది, పొడుపు కథలున్నాయి, కోడి పందేలు కూడా ఉన్నాయి. అక్కడ కళ అంటే ఇవాళ మనం అనుకునే కళ కాదు, నేర్పు అని అర్థం. కాబట్టి దీన్ని సాక్ష్యంగా చూపించి వాదన గెలవలేం. అయినా ముగ్గునీ ఆటనీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన జాబితా ఒకటుందని తెలిసిన రోజు కొంచెం హాయిగా అనిపించింది.

నక్షత్రాలు, టైమర్, అన్‌డూ మూడూ తీసేశాం. వెంటనే కొత్త సమస్య వచ్చింది. "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడగడం మొదలుపెట్టారు. స్కోరు లేకపోతే తాము వేసింది ఎవరైనా చూశారో లేదో ఆడేవాళ్ళకి తెలియదు. ఇది న్యాయమైన ప్రశ్నే. అమ్మమ్మకి మార్కులు లేకపోయినా చూసేవాళ్ళున్నారు కదా. అందుకని వీధిలోకి మనుషుల్ని తెచ్చాం. పాలవాడు ముగ్గు పెద్దదైతే సైకిల్ దిగి పక్కనుంచి నడిపించుకుపోతాడు, చిన్నదైతే మీదనుంచే తొక్కుకుంటూ పోతాడు. ఎదురింటి పిల్ల గోడ మీద గడ్డం ఆనించి చూస్తుంది. కోడి దేన్నీ లెక్క చెయ్యదు. టెస్టింగ్‌లో ఒకమ్మాయి పాలవాడు సైకిల్ దిగగానే "హమ్మయ్య" అంది. ఏ నక్షత్రానికీ ఆ మాట రాలేదు.

ఇంకో మార్పు చిన్నదే, దాని ప్రభావం మాత్రం పెద్దది. మొదట్లో తెల్లారగానే పాత ముగ్గు దానంతటదే మాయమైపోయి శుభ్రమైన వాకిలి వచ్చేది. ఊడ్చే పని కూడా ఆడేవాళ్ళకే ఇచ్చాం. తెర మీద వేలితో అటూ ఇటూ ఊడిస్తే దుమ్ములో ముగ్గు చెదిరిపోతుంది. అది మేం గీసిపెట్టిన ముగ్గు కాదు. ముందు రోజు వాళ్ళ వేలు నడిచిన దారి మొత్తాన్ని దాచి, తొక్కుడుపడిన రూపంలో వాళ్ళకే తిరిగి ఇస్తాం. బాగా కుదిరిన ముగ్గుని చెరపడానికి చాలామంది చేతులు రాక ఒక్క క్షణం ఆగారు. ఒకతను ముందు స్క్రీన్‌షాట్ తీసుకున్నాడు. కథ ప్రకారం పొద్దుకీ పొద్దుకీ మధ్య నాలుగేళ్ళు గడుస్తాయి, ఊడ్చేది మాత్రం ఎప్పుడూ 'నిన్నటి' ముగ్గే. ఈ తిరకాసు ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు.

కంప్యూటర్‌కి రాని ముగ్గు

ముగ్గుల పుస్తకాల్లో బొమ్మ కింద ఒక లైను ఉంటుంది. "7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క." అంటే మధ్య వరసలో ఏడు చుక్కలు. దానికి అటూ ఇటూ ఒక్కో చుక్క తగ్గించుకుంటూ, ముందు వరస చుక్కల సందుల్లో పడేలా, నాలుగు వచ్చేదాకా పెట్టుకుపోవాలి. ఏడు వరసలు, 37 చుక్కలు. ఒక్క లైనులో అంతా ఉంది. మా ప్రోగ్రామర్ ఆ లైనునే లెవెల్ ఫైల్‌గా వాడాడు. అంకెలు రెండు, సందు చుక్కా సరి చుక్కా అన్నది ఒకటి, అంతే. మెలికల ముగ్గులకి ఇంకో మంచి గుణం ఉంది. పక్కపక్కనున్న ఏ రెండు చుక్కల మధ్య చూసినా రెండే అవకాశాలు: గీతలు అక్కడ ఒకదాన్నొకటి దాటుకుంటాయి, లేదా దాటకుండా వంపు తిరిగి వెళ్ళిపోతాయి. కంప్యూటర్‌కి ఇది అన్నం పెట్టినట్టు ఉంటుంది.

అయినా తప్పు చేశాం. గీత ఎక్కడ మొదలవ్వాలి, ఏ వరసలో సాగాలి అన్నది కూడా కోడ్‌లో బిగించేశాం.

మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ ఆంటీది కరీంనగర్ వైపు. జీవితంలో గేమ్ ఆడలేదు. కొడుకు ఫోన్‌లో పాటలు వింటుంది, అంతే. ఒక ఆదివారం ఆమె చేతికి ట్యాబ్ ఇచ్చి కూర్చున్నాను. ఆమె మేం చూపించిన మొదటి చుక్కని పట్టించుకోలేదు. మధ్యలోంచి మొదలుపెట్టింది. ఒక వంపు ఇటు వేసి, దాని జోడీ అటు వేసి, వేలు తీస్తూ పెడుతూ చకచకా పోయింది. చివరికి ముగ్గు మా దానికంటే బాగా వచ్చింది. తెర మీద ఎర్రగా వెలిగింది: తప్పు.

ఆంటీ తెరవైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "మీ కంప్యూటర్‌కు ముగ్గు రాదా బిడ్డా?"

ఆ వారంలోనే తనిఖీ కోడ్ మొత్తం మార్చాం. దారి ఏదైనా సరే, చివరికి వచ్చిన రూపాన్నే చూడాలి. కొన్ని రోజులకి అదీ తీసేశాం. చుక్కలన్నీ చుట్టి, గీత ఎక్కడా తెగకుండా కలిస్తే చాలు, అది ముగ్గే. పుస్తకంలో ఉన్నట్టే రావాలన్న నియమం పోయింది. గేమ్ అంటే నియమాలు అంటారు. ఏ నియమం ముగ్గుది, ఏ నియమం మా సోమరితనానిది అన్నది విడదీసుకోవడానికి మాకు ఆంటీ కావాల్సి వచ్చింది.

వణుకు

ఇక మొదట చెప్పిన గొడవ. ఎనిమిదో పొద్దు నుంచి అమ్మమ్మ ముసలిదవుతుంది.

మొదటి ప్రయత్నంలో గీతకి వణుకు పెట్టాం. తెర మీద బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతుంది, ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. ప్రతి ఫ్రేములోనూ వేలు ఉన్న చోటికీ గీత పడే చోటికీ కొన్ని పిక్సెళ్ళ తేడా. ఫలితం చెప్పాను కదా, చొక్కాలతో తుడుచుకున్నారు. రెండో ప్రయత్నంలో వణుకు తీసేసి ఆలస్యం పెట్టాం. వేలు కదిలాక కాసేపటికి గీత వస్తుంది. ఇది ఇంకా ఘోరం. "హ్యాంగ్ అవుతోంది, ర్యామ్ ఎంత?" అని అడిగారు.

ఎందుకిలా అని తల పట్టుకుని కూర్చున్నప్పుడు 'షాడో ఆఫ్ ది కొలాసస్' మళ్ళీ ఆడాను. 2005లో ఫుమితో ఉవేదా బృందం ప్లేస్టేషన్ 2 కోసం చేసింది. కొండంత ప్రాణి ఒంటి మీద వెంట్రుకలు పట్టుకుని వేలాడాలి. వేలాడినంతసేపూ ఒక బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి. అతని పిడికిలి బిగిసి ఉన్నంతసేపు మన వేలూ బిగిసి ఉంటుంది. పట్టు ఎంత మిగిలిందో మూలన ఒక గుండ్రటి గుర్తు తగ్గిపోతూ చూపిస్తుంది. ఆ ప్రాణి విదిలిస్తే అతను గుడ్డపీలికలా ఎగురుతాడు, మన మాట సరిగా వినడు. అయినా నాకు కంట్రోలర్ మీద కోపం రాలేదు. ఎందుకంటే అతను జారిపోవడం నా కళ్ళముందే ఉంది.

మా గేమ్‌లో లేనిది అదే. చెయ్యి వణుకుతోందని చెప్పాలనుకున్నాం కానీ తెర మీద చెయ్యే లేదు. గీత మాత్రమే ఉంది. గీత తేడాగా వస్తే ఆడేవాళ్ళకి దొరికే దోషి ఒక్కటే, ఫోన్. లోపం కథలోని మనిషిదని తెలియాలంటే ఆ మనిషి కనపడాలి, ఆ లోపానికి కారణం కూడా అక్కడే కనపడాలి.

మూడో ప్రయత్నంలో వేలికీ గీతకీ మధ్య ఏ అడ్డూ పెట్టలేదు. వేలు ఎక్కడుంటే గీత అక్కడే. దాని బదులు పిండిని మార్చాం. ముగ్గు గిన్నె తెర మూలన ఉంటుంది. ముందు గిన్నెలోంచి చిటికెడు తీసుకోవాలి, తర్వాత గీత. వయసులో ఉన్నప్పుడు ఒక చిటికెడు ఎనిమిది తొమ్మిది చుక్కల దాకా వస్తుంది. ఎనిమిదో పొద్దున ఐదు చుక్కలకే అయిపోతుంది. పదో పొద్దున రెండు చుక్కలకి. చేతిలోకి పిండి తక్కువ రావడం, వేళ్ళ సందుల్లోంచి నేల మీద రాలిపోవడం కనపడుతుంది. మళ్ళీ మళ్ళీ గిన్నె దగ్గరికి వెళ్ళిరావాలి. తొమ్మిదో పొద్దు నుంచి ఒక పీట వస్తుంది. పీట మీద కూర్చుంటే చెయ్యి చాపినంత మేరే అందుతుంది. వాకిలి అవతలి వైపు వెయ్యాలంటే పీటని జరుపుకోవాలి.

ఎవరూ స్క్రీన్ తుడవలేదు. అంతకంటే మంచిది ఇంకొకటి జరిగింది. పదో పొద్దున ఎన్ని చుక్కలు పెట్టుకోవాలన్నది ఆడేవాళ్ళ ఇష్టానికి వదిలేశాం. సంక్రాంతి పొద్దున 15 చుక్కలు వేసినవాళ్ళు ఇక్కడ తమంతట తామే నాలుగు చుక్కలతో సరిపెట్టుకున్నారు. అమ్మమ్మ కూడా ఆఖరి రోజుల్లో అంతే చేసేది. తలుపు ముందు అరచేతంత ముగ్గు, "ఈ పూటకి ఇది చాల్లే" అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయేది. ఈ మాట మేం గేమ్‌లో ఎక్కడా రాయలేదు. ఒక టెస్టర్ ఆడుతూ తనలో తాను సరిగ్గా అదే గొణుక్కున్నాడు.

పదకొండో పొద్దు

గేమ్ అంతా దీనికోసమే అని ముందే చెప్పాను. దీన్ని నాలుగుసార్లు చేశాం.

మొదటిసారి ఖాళీ వాకిలి, నలభై సెకన్లు, ఎక్కడ ముట్టుకున్నా ఏమీ జరగదు. సగంమంది యాప్ మూసేసి మళ్ళీ తెరిచారు. వాళ్ళ తప్పు కాదు. ఏదైనా కాసేపు కదలకపోతే మూసేసి తెరవమని ఫోన్లే వాళ్ళకి నేర్పాయి.

రెండోసారి భయపడి, తెర మీద అక్షరాలు వేశాం: "అమ్మమ్మ ఇక లేదు." అందరికీ అర్థమైంది. ఎవరికీ ఏమీ కాలేదు. వార్త చదివినట్టు చదివి, తర్వాతి సీన్ కోసం తెరని నొక్కారు. దానికి తోడు మేం అప్పట్లో వాడుతున్న ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) తెలుగు ఒత్తుల్ని కలపలేక 'అమ్‌మమ్‌మ' అని విడగొట్టి చూపించేది. తర్వాత మేం మారిన గొడో 4 ఇంజిన్‌లో హార్ఫ్‌బజ్ అనే రెడీమేడ్ కోడ్ అక్షరాల కూర్పు చూసుకుంటుంది, ఒత్తులు చక్కగా కూర్చున్నాయి. ఒత్తులు కుదిరేసరికి ఆ వాక్యం అవసరమే లేకుండా పోయింది. ఇప్పుడు గేమ్ మొత్తంలో పేరు తప్ప ఒక్క తెలుగు అక్షరం లేదు. రెండు వారాలు ఇంజిన్ మార్చడానికి పోయాయని మా వాడు ఇప్పటికీ దెప్పుతుంటాడు.

మూడోసారి ఏడుపు శబ్దం పెట్టాం. మా చెల్లెలు ఒక్కసారి విని, తీసేయమంది. తీసేశాం.

నాలుగోది ఇప్పుడున్నది. తెల్లారుతుంది. నిన్నటి నాలుగు చుక్కల ముగ్గు తొక్కుడుపడి అలాగే ఉంది. మూలన పిండి గిన్నె లేదు. చీపురు లేదు. వేలు పెట్టి లాగితే గీత పడదు, సన్నగా దుమ్ము లేస్తుంది, వేలి జాడ మట్టిలో నాలుగు సెకన్లు కనపడి మాసిపోతుంది. అంటే గేమ్ వింటూనే ఉంది, ముగ్గు మాత్రం పడదు. హ్యాంగ్ అయిందన్న అనుమానం ఆ కొంచెం దుమ్ముతో పోయింది. పాలవాడు వస్తాడు. సైకిల్ వాకిట్లోకి తేడు, దూరంగా స్టాండ్ వేసి చెప్పులు విప్పి లోపలికి వెళ్తాడు. తర్వాత ఎవరెవరో వస్తారు, మనుషులు కనపడరు, తెర అంచున చెప్పులు మాత్రం ఒక్కో జత పెరుగుతూ ఉంటాయి. ముగ్గు మీదే విడుస్తారు. ఎదురింటి పిల్ల ఈసారి గోడ మీద లేదు. ఇన్ని పొద్దుల నుంచీ వెనకాల సన్నగా వినిపిస్తున్న గాజుల చప్పుడు ఇవాళ లేదు. అది ఉండేదని చాలామందికి అది ఆగాకే తెలిసింది. ఆ మంచి పనంతా మా చెల్లెలిది.

ఆడేవాళ్ళు ఇక్కడ ఏం చేస్తారో పక్కన కూర్చుని చూడటం నాకు ఇప్పటికీ టెన్షనే. ఎక్కువమంది గిన్నె ఉండాల్సిన మూలని రెండు మూడు సార్లు నొక్కుతారు. పది పొద్దుల అలవాటు అది. ఆ మూల నొక్కి, ఏమీ రాక, వేలు అలాగే గాల్లో ఆపేస్తారు. నాకు కావలసింది ఆ ఆగిన వేలే.

మరో చెయ్యి

చివరి సీన్ గురించి చెప్పాలంటే ముందు ఒక అప్పు ఒప్పుకోవాలి. 2013లో స్టార్‌బ్రీజ్ స్టూడియో నుంచి వచ్చిన 'బ్రదర్స్' ఆడాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి, ముగింపు చెప్పేస్తున్నాను. సినిమాల నుంచి వచ్చిన జోసెఫ్ ఫారెస్ దానికి దర్శకుడు. అందులో ఇద్దరు అన్నదమ్ములు. కంట్రోలర్‌లో ఎడమ సగం అన్నది, కుడి సగం తమ్ముడిది. తమ్ముడికి నీళ్ళంటే భయం, అన్న వీపు పట్టుకునే ఏరు దాటతాడు. చివర్లో అన్న చనిపోతాడు, తమ్ముడు ఒంటరిగా ఏటి ముందు నిలబడతాడు. తమ్ముడి బటన్ నొక్కితే దిగడు. అన్న బటన్ నొక్కితే దిగి ఈదుతాడు. గంటలపాటు మన ఎడమ చెయ్యి అన్న కాబట్టే ఆ ఒక్క బటన్‌కి అంత బరువు. దాన్ని చూశాకే నాకు చివరి సీన్ తట్టింది. కాపీ అనండి, ఫరవాలేదు.

దక్షిణాది ఇంటి వాసన ఉన్న గేముల్లో 2023లో టొరంటోలోని విసాయ్ గేమ్స్ చేసిన 'వెన్బా'ని కూడా చెప్పుకోవాలి. కెనడాకి వెళ్ళిన తమిళ కుటుంబం, మరకలు పడి చిరిగిపోయిన అమ్మ వంటల పుస్తకం. చెరిగిపోయిన మెట్లు ఆడేవాళ్ళే ఊహించి వండాలి. ఇడ్లీ రేకులు ఏ వరసలో పేర్చాలన్నది కూడా ప్రపంచం మొత్తానికి పజిల్ అవుతుందని అది చూశాకే నమ్మాం.

మా చివరి సీన్ హైదరాబాద్ అపార్ట్‌మెంట్ కారిడార్. గ్రానైట్ నేల. గడప ముందు స్టిక్కర్ ముగ్గు ముందే అంటించి ఉంది, ఒక మూల లేచిపోయింది. పక్కన ఒక చాక్‌పీస్. చెయ్యి వేరేది, గాజుల చప్పుడు లేదు. మనవడా మనవరాలా అని అడుగుతారు, మేం చెప్పం. చిటికెడు పిండి లెక్క లేదు, చాక్‌పీస్ అరిగేదాకా గీయొచ్చు. గైడ్ చుక్కలు ఉండవు. అప్పటికి పది ముగ్గులు వేసిన వేలికి ఎంతో కొంత గుర్తుంటుందని మా నమ్మకం. కొందరు స్టిక్కర్ పక్కన చిన్న ముగ్గు వేస్తారు. కొందరు స్టిక్కర్ మూల అంటించి సరిచేసి వెళ్ళిపోతారు. ఎక్కువమంది దాన్ని గోకి పీకాలని చూస్తారు. మేం అది రాకుండా చేశాం, ఎందుకంటే నిజం స్టిక్కరూ రాదు.

గేమ్ మొత్తం అరగంట లోపే. చిన్న గేములు పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ అనే సైట్‌లో ఉచితంగా పెట్టాం.

సరిచెయ్యాల్సిన పనుల జాబితాలో ఒక్క టికెట్ మాత్రం ఇంకా తెరిచి ఉంది. పదకొండో పొద్దున మట్టిలో వేలి జాడ నాలుగు సెకన్లకి మాసిపోతుందని చెప్పాను కదా. ఒక కుర్రాడు ఆ నాలుగు సెకన్లలోపే, పిండి లేకుండా, ఉత్త వేలితో, నాలుగు చుక్కల ముగ్గు మొత్తం దుమ్ములో వేసేశాడు. మాసిపోయింది. మళ్ళీ వేశాడు. చెప్పులు పెరుగుతున్నంతసేపూ వేస్తూనే ఉన్నాడు. మా ప్రోగ్రామర్ దాన్ని బగ్ అని రాశాడు, జాడని ఒక సెకనుకి తగ్గిస్తే సరిపోతుందన్నాడు. నేను ముట్టుకోవద్దన్నాను. ఆ వీడియో ఎదురు ఫ్లాట్ ఆంటీకి చూపించాను. చివరిదాకా చూసి, "సావైన ఇంట్ల ముగ్గు ఎట్లేస్తరు బిడ్డా? గట్ల వెయ్యద్దు" అంది. కాసేపాగి, ఇంకోసారి పెట్టమంది.